మరుగుదొడ్డిలో చెంబెడు నీళ్లు

2020 మార్చి నెలాఖరులో ఒక రాత్రి అమెరికాలోని టెక్సాస్ నుండి మా అమ్మాయి ఫోను చేసింది. క్షేమసమాచారాలు అయిన తరువాత కొంచెం సిగ్గుపడుతూ, "ఇక్కడ పేపరు దొరుకుత లేదు" అన్నది. వార్తాపత్రిక అనుకున్నాము. కాదట, టాయిలెట్ పేపరట. మూడు దుకాణాలు తిరిగినా అలమారలన్నీ ఖాళీ. ఒక దుకాణములో మనిషికి ఒక్క కట్ట మాత్రమే అని బోర్డు పెట్టారట గాని, ఆ ఒక్కటి కూడా ఈమె వెళ్లేసరికి లేదు.

పక్కనే మంచం మీద పడుకొని ఉన్న మా అమ్మ, ఎనభై దాటిన మనిషి, ఇదంతా విని లేచి కూర్చొని ఫోను తన చేతిలోకి తీసుకున్నది.

"ఏందే బిడ్డా, మీ దిక్కు చెంబులు లేవా? నల్లాల నీళ్లు వస్తలేవా?"

"నీళ్లు మస్తుగ వస్తున్నయి బాపమ్మా."

"మరి నీళ్లు ఉండంగ కాయితం కోసం ఏడ్సుడేందే?"

అవతల నవ్వు, ఇవతల నవ్వు. మరునాటి నుండి వంటింట్లో పిండి కొలిచే ప్లాస్టిక్ జగ్గు మా అమ్మాయి ఇంట్లో స్నానాల గదికి మారింది. అక్కడి తెలుగు కుటుంబాలలో చాలా ఇళ్లలో ఇంతకుముందే ఒక మగ్గు ఉంటుంది. ఈమెకే కాస్త నాగరికత ఎక్కువైంది అని బాపమ్మ తీర్పు. ఆ నెలలో అమెరికా వారు కూడా కమోడుకు బిగించే నీళ్ల గొట్టాలను ఎగబడి కొన్నారు.

ఇంతకూ అంత పెద్ద దేశములో కాగితానికి కొరత ఎందుకు వచ్చినట్లు? జనం భయపడి నెలలకు సరిపడా ఇంట్లో పేర్చుకున్నారన్నది ఒక కారణము. రెండవది మనకు తట్టనిది. అంతవరకు సగం రోజు ఆఫీసులలో, బడులలో గడిపినవారు ఒక్కసారిగా ఇళ్లలో కూర్చున్నారు. ఆఫీసులకు వెళ్లే చుట్టలు వేరు, ఇళ్లకు వెళ్లే చుట్టలు వేరు. పెద్ద చుట్టలు గోదాములలో పడి ఉండగా ఇళ్లకు కావలసిన చిన్నవి దొరకలేదు. పైగా అది చోటు తినే సరుకు గనుక ఏ దుకాణదారుడూ ఎక్కువ నిలువ పెట్టుకోడు. ఇది మొదటిసారి కూడా కాదు. 1973లో చమురు ధరలు పెరిగినప్పుడు జపానులో ఇల్లాండ్రు టాయిలెట్ పేపరు కోసం బారులు తీరారు. అదే సంవత్సరము డిసెంబరులో అమెరికాలో జానీ కార్సన్ అనే టెలివిజన్ హాస్యగాడు కాగితానికి కరువు వచ్చిందని ఒక మాట విసిరితే, మరునాటికి దేశమంతా దుకాణాల మీద పడింది. హాస్యము నిజమై కూర్చున్నది.

మనకు ఇది నవ్వులాటే. కాగితపు ఊరే మన ఉత్తర తెలంగాణలో ఉన్నది గదా! నైజాము కాలములో 1938లో పుట్టిన సిర్పూరు పేపరు మిల్లు 1942లో కాగితము తీయడం మొదలుపెట్టింది. దాని పేరు మీదనే కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. అప్పటి ఆదిలాబాదు జిల్లా, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్. వెదురుతో, కర్రతో చేసిన ఆ కాగితము మీద ఎన్ని లక్షల పిల్లలు పరీక్షలు రాసి ఉంటారో. అయితే ఆ ఊళ్లో కూడా మరుగుదొడ్డిలో మాత్రము చెంబే. 2014లో మిల్లు మూతబడి, 2018లో వేరే యాజమాన్యము చేతిలో తిరిగి తెరుచుకునే వరకు ఆ నాలుగేళ్లు అక్కడ కొరత కాగితానికి కాదు, జీతానికి.

మా ఇంట్లో కాగితము అవసరమైన రోజులు కూడా లేకపోలేదు. పక్షవాతముతో మంచం పట్టిన నాన్నగారికి ప్రతిసారీ నీళ్లతో కడిగితే పక్క తడిసి వీపు పుండ్లు పడుతుందని నర్సమ్మ చెప్పింది. గనుక టిష్యూ చుట్టలు తెచ్చేవాళ్లము. ఆ 2020 మార్చిలో కరీంనగర్ లో కొన్ని వీధులు తొలి వారాల్లోనే మూతబడ్డాయి, మందుల షాపు తప్ప మరొకటి తెరవలేదు. ఉన్న రెండు చుట్టలు నాలుగు రోజులలో అయిపోయాయి. అప్పుడు బాపమ్మే తన పాత నూలు చీరెలు రెండు చింపి ముక్కలు చేసింది. తడి ముక్కతో తుడవడం, పొడి ముక్కతో అద్దడం. తరువాత సబ్బుతో ఉతికి, మరుగుతున్న నీళ్లలో కాసేపు ఉంచి, ఎర్రటి ఎండలో ఆరవేయడం. నూలు గుడ్డ అయితేనే నీళ్లు పీలుస్తుంది, పాలిస్టరు చీరె పనికిరాదు. ఆ పద్ధతి మాకు బాగా కుదిరి, లాక్‌డౌన్ తరువాత కూడా నాన్నగారు ఉన్నన్నాళ్లు అదే నడిచింది. మంచం మీది మనిషి ఉన్న ఇంటివారు ఎవరైనా ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. గుడ్డ ముక్కలు గాని, కాగితాలు గాని, పిల్లలు వాడి పడేసే న్యాప్కిన్లు గాని దొడ్డిలో వేయరాదు. మన ఇళ్ల వంపు గొట్టము చిన్నది, పట్టుకున్నదంటే గుంత తవ్వవలసిందే. ఆ తవ్వే మనిషి కూడా ఒక తల్లి కొడుకే.

ఇదంతా కాగితము సంగతి. మన దగ్గర అసలు కొరత ఎప్పుడూ నీళ్లదే.

2014, 2015 వరుసగా రెండేళ్లు వానలు సరిగా పడలేదు. 2016 వేసవి వచ్చేసరికి మా ఇంటి బోరు గాలి కక్కింది. కరీంనగర్ పక్కనే దిగువ మానేరు జలాశయము, నిండితే సుమారు 24 టీఎంసీలు పట్టేది. ఆ ఎండాకాలము కట్ట మీదికి వెళ్లి చూస్తే నీళ్ల కంటె బండలు ఎక్కువగా కనిపించాయి. మా వీధికి నల్లా రోజు విడిచి రోజు, అదీ ముప్పావు గంట. తాగడానికి క్యాన్లు కొనుక్కున్నాము. వంటకు, స్నానానికి ట్యాంకరు. మరి దొడ్డికి?

అంతవరకు మేము ఎన్నడూ లెక్క వేయలేదు. మా ఇంట్లో గొలుసు లాగే పాత ఫ్లష్ టాంకు. లాగినప్పుడల్లా పది లీటర్లకు తక్కువ పోదు. మేము అయిదుగురము. మనిషి రోజుకు అయిదుసార్లు వెళ్లాడనుకుంటే ఇరవై అయిదుసార్లు, అనగా రెండు వందల యాభై లీటర్లు! మా ఇంట్లో వంటకు, తాగడానికి కలిపి యాభై లీటర్లు కూడా పట్టదు. మనము తినే దానికంటె దాన్ని సాగనంపడానికి అయిదింతలు నీళ్లు పోస్తున్నామని అప్పుడు తెలిసింది.

టాంకు కట్టేసి బకెటుకు మారాము. ఇక్కడ మా ఇంట్లో వాళ్లకు ఒక విద్య నేర్చుకోవలసి వచ్చింది. మగ్గుతో మగ్గుతో పోస్తూ పోతే అయిదారు లీటర్లు పోసినా పని కాదు. రెండు మూడు లీటర్లు చిన్న బకెటులో తీసుకొని, నడుము ఎత్తు నుండి ఒక్క విసురుగా పోస్తే చాలు. నీళ్ల బరువు కాదు, వేగము పని చేస్తుంది. మూత్రానికైతే ఒక మగ్గు చాలు. ఈ ఒక్క మార్పుతో మా ఖర్చు రెండు వందల యాభై నుండి అరవై, డెబ్బై లీటర్లకు దిగింది. తేడా నీళ్లు బిందెలలో కొలిస్తే, బిందెకు పదిహేను లీటర్ల చొప్పున పన్నెండు బిందెలు. ఆ పన్నెండు బిందెలు మోసే నడుము ఎవరిదో ప్రతి ఇంటివారికి తెలుసు.

ఆ అరవై లీటర్లు కూడా మంచి నీళ్లు కానక్కరలేదు. బట్టలు జాడించిన రెండవ నీళ్లు, బియ్యము కడిగినవి, కూరగాయలు కడిగినవి, స్నానములో కారినవి, అన్నీ వేరు డ్రమ్ములోకి పట్టాము. దొడ్డిలో పోయడానికే సుమా, కడుక్కోవడానికి కాదు. కడుక్కోవడానికి శుభ్రమైన నీళ్ల చెంబు విడిగా ఉండాలి, దానికి లీటరు చాలు. బియ్యపు కడుగు రెండు రోజులు నిలువ ఉంటే కంపు కొడుతుంది గనుక ఏ రోజుది ఆ రోజే. డ్రమ్ము మీద మూత లేకపోతే దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ దోమకు డ్రమ్ములో నిలిచిన తేట నీళ్లంటే ప్రీతి. మేము వారానికొకసారి, శుక్రవారము, అడుగుదాకా ఒంపి పీచుతో రుద్ది కడిగేవాళ్లము.

చేతులు కడుక్కోవడములో మాత్రము పిసినారితనము చేయలేదు. ఒక ప్లాస్టిక్ సీసా మూతకు సూదితో నాలుగు బెజ్జాలు పెట్టి తలక్రిందులుగా వేలాడదీశాము. సన్నటి ధార వస్తుంది, అర లీటరుతో సబ్బు బాగా పోతుంది. మా చిన్నవాడికి అది ఆటవస్తువు అయింది. పుణ్యానికి వాడు రోజుకు పదిసార్లు చేతులు కడిగాడు, మేమే ఆపవలసి వచ్చింది.

గల్ఫు నుండి వచ్చిన వాళ్లు తెచ్చిన అలవాటు ఒకటి చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల వైపు దుబాయి, మస్కటు వెళ్లి వచ్చినవారి ఇళ్లలో గోడకు నీళ్లు చిమ్మే చేతి గొట్టము ఉంటుంది. శుభ్రానికి అది మంచిదే, ముసలివారికి సులువు కూడా. అయితే మేడమీది టాంకులో నీళ్లుంటేనే. టాంకు ఖాళీ అయిననాడు ఆ ఇళ్లలో చెంబు కోసం అటకలు వెతకడము కళ్లారా చూశాము.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి ఒక మాట. ఊళ్లలో మేస్త్రీలు రూరల్ పాన్ అనే సీటు ఒకటి ఉన్నది. దాని వాలు ఎక్కువ, 25 నుండి 28 డిగ్రీలు. కింద వంపులో నిలిచే నీళ్లు 20 మిల్లీమీటర్లే. కనుక లీటరున్నర, రెండు లీటర్లకే శుభ్రపడుతుంది. మామూలు సీటు మాదిరిగా పదేసి లీటర్లు అడగదు. 1970లో బీహారులో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ వంటివారు దేశమంతటా ప్రచారము చేసింది ఈ విధమైన తక్కువ నీళ్ల దొడ్లనే, వాటితోపాటు రెండు గుంతల పద్ధతిని. ఒక గుంత నిండితే మూసి రెండవదానికి మళ్లిస్తారు. మూసినది ఏడాదిన్నర, రెండేళ్లకు వాసన లేని ఎరువు అవుతుంది. మనిషి దిగి ఎత్తే పాపిష్టి పని ఉండదు. చేదబావికి, బోరింగుకు గుంత పది మీటర్ల దూరమైనా ఉండాలి. దుకాణములో మెరిసే సీటు చూపిస్తే మురిసిపోయి, వేసవిలో ఏడవకండి. మేము ఏడ్చినవాళ్లమే.

అదే 2016 మే నెలలో పరిచయస్థుల ఇంటికని ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు అవతల గుట్టల మీది ఒక గూడెమునకు వెళ్లాము. రాష్ట్రములో వానలు ఎక్కువ పడే ప్రాంతాలలో అదొకటి. కాని పడిన వాన గుట్ట మీద నిలువదు, వాగుల వెంట దిగిపోతుంది. మాఘమాసము దాటితే బోరింగులు ఎండుతాయి. ఆ గూడెం ఆడవాళ్లు తెల్లవారకముందే వాగులోకి దిగి, ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీళ్లు గిన్నెతో ముంచి బిందెలోకి పోసుకుంటున్నారు. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పట్టిందో మేము ఒడ్డున కూర్చొని చూశాము. ఆ తరువాత గుట్ట ఎక్కాలి.

ఇళ్ల ముందు కొత్త మరుగుదొడ్లు వరుసగా కనిపించాయి. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ క్రింద ఇంటికి 12,000 రూపాయలతో కట్టినవి. తలుపు తీస్తే ఒక దాంట్లో పత్తికట్టె, ఒక దాంట్లో పిడకలు, మరొక దాంట్లో కోళ్ల గంప. పట్టణము నుండి వచ్చిన మాబోటివాళ్లు ఇటువంటివి చూసి "వీళ్లకు ఎంత చెప్పినా అలవాటు కాదు" అని తిరిగి వస్తుంటారు. మేము కూడా ఆ మాట నోటిదాకా తెచ్చుకున్నాము. ఆ ఇంటి ఇల్లాలు మా ముఖములు చూసి తానే అన్నది:

"ఒక్క బిందె తెచ్చేవరకు పొద్దెక్కుతది అక్కా. ఆ బిందె పొయ్యి మీద పెట్టాల్నా, దొడ్లె పొయ్యాల్నా?"

మేము మాట్లాడలేదు. బయటికి పోతే ఒక చెంబుతో అయిపోతుంది, లోపలికి పోతే బకెటు కావాలి. మాకు ఇంట్లో రెండు వందల యాభై లీటర్ల లెక్క అప్పటికే తెలుసు గనుక ఆమె లెక్క తప్పని చెప్పడానికి నోరు రాలేదు. దొడ్డి కట్టిన రోజున నీళ్ల సంగతి కూడా ఎవరో ఒకరు ఆమెను అడిగి ఉండవలసింది.

ఆ సంవత్సరమే ఆగస్టు 7న మిషన్ భగీరథ మొదలయింది. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు అని దాని లక్ష్యము. ఇంటి ముందు నల్లా వచ్చిన చోట్ల పత్తికట్టె బయటికి వచ్చి దొడ్డి దొడ్డి అయింది, ఇది మేము చూసిన సంగతే. ఉపన్యాసాల కంటె నల్లా ఎక్కువ పని చేసింది. గుట్టల మీది గూడేలలో కరెంటు పోయినా, మోటారు కాలినా మళ్లీ చెలిమె దగ్గరికే. అటువంటి చోటికి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో చెప్పిన ఏర్పాటు గుర్తుకు వస్తుంది. పాళెము వెలుపల ఒక చోటు, తవ్వడానికి ఒక పనిముట్టు, తరువాత మట్టితో కప్పివేయడము. ఎడారిలో నడిచిన జనానికి చెప్పిన పద్ధతి అది, అందులో నీళ్ల ప్రసక్తి లేదు. బూడిద, పొడి మట్టి కప్పే దొడ్లు నేడు కూడా నీళ్లులేని చోట్ల కడుతున్నారు. బూడిద ప్రతి పొయ్యిలో ఉంటుంది గదా.

గూడెం ఇల్లాలు చెప్పిన మరొక మాట వల్లనే ఈ వ్యాసము రాయాలనిపించింది. పగలు వెళ్లడానికి చాటు ఉండదు గనుక ఎండాకాలములో కూడా ఆమె పొద్దంతా నీళ్లు తక్కువ తాగుతుందట. చీకటి పడితే వెళ్లవచ్చు, అప్పటిదాకా ఓర్చుకోవడమే. తలనొప్పి, మూత్రములో మంట, ఇవన్నీ వేడి చేసిందని అనుకుంటుంది. వైద్యులను అడిగితే వేడి కాదు, దాహము అంటారు. నీళ్లు తాగక, మూత్రము ఆపుకుంటే క్రిములు చేరుతాయి. రాళ్లు కట్టే ప్రమాదము కూడా ఉంటుంది. మే నెలలో మన దిక్కు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో పొలములో పని చేస్తూ దాహము చంపుకోవడమంటే ప్రాణము మీదికి తెచ్చుకోవడమే.

గూడెం సంగతి అని తేలికగా తీసుకుంటామేమో! ఇంటికి వచ్చాక మా వీధిలో, మా సంఘములో ఆడవాళ్లను అడిగి చూశాము. బట్టల దుకాణములో నిలబడి పని చేసే అమ్మాయి పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు అన్నది. బడిలో చదివే పిల్ల సీసా నిండా నీళ్లు తీసుకువెళ్లి నిండుగానే తిరిగి తెస్తుందని తల్లి చెప్పింది. అక్కడి దొడ్డిలో నీళ్లుండవట. ఇక శుభ శుక్రవారము. సిలువ మీది ఏడు మాటల ఆరాధన మిట్టమధ్యాహ్నము మూడు గంటలు. ఆడవాళ్లు వంట ముగించుకొని, పిల్లలను తయారుచేసుకొని పదకొండుకే వస్తారు, మూడు దాటాక గాని కదలరు. ఎక్కువమంది పొద్దుటి నుండి నీళ్లు ముట్టరు. ఉపవాసమని మేమంతా అనుకున్నాము. ఒక పెద్దమ్మ నవ్వి, "ఉపాసం గాదు బిడ్డా, ఈడ దొడ్లె నీళ్లుండయ్ గద" అన్నది. దేవాలయపు ఆవరణలో ఆడవారి మరుగుదొడ్డి ఉన్నది, తాళము కూడా తీసే ఉన్నది. లోపల ఒక ఖాళీ బకెటు, పగిలిన మగ్గు. ముప్పై ఏండ్లుగా ఆ ఆవరణలో తిరుగుతున్న మేము ఆ తలుపు తోసి చూడలేదు.

ఆ మరుసటి సంవత్సరము ఏర్పాటు పెద్దదేమీ కాదు. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, మూతలతో సహా. చిన్న బకెట్లు నాలుగు, ఒక్కొక్కటి మూడు లీటర్లది, నిండుగా పోసినా అంతకు మించి పోదు. చేతులకు సబ్బు, బెజ్జాల సీసాలు. లోపల ఒక మూత డబ్బా, గొళ్లెము, మేకుకు ఒక వంకీ, సంచి తగిలించుకోవడానికి. గొళ్లెము, వంకీ సంగతి ఆడవాళ్లే చెప్పారు, మగవాళ్ల కమిటీకి తట్టలేదు. నాలుగు వందల లీటర్లు ఎవరు నింపాలి అని చర్చ వచ్చింది. ఎప్పటిలాగే స్త్రీల సమాజము వైపు చూపులు వెళ్లాయి. ఈసారి అది కుదరదని స్త్రీల సమాజము అధ్యక్షురాలే నిలబడి చెప్పింది. యౌవనస్థుల సంఘము పిల్లలు మోటారు సైకిళ్ల మీద క్యాన్లతో ముందు రోజు రాత్రి పది దాటేదాకా మోశారు. ఒక క్యాను దారిలో బోర్లా పడి, వాళ్లు తిట్టుకున్న మాటలు మాత్రము ఇక్కడ రాయము.

ఆ శుక్రవారము బయట వేపచెట్టు క్రింద కుండలో చల్లటి నీళ్లు పెట్టాము. మూడవ మాట దాటిన తరువాత మెల్లగా ఒక్కొక్కరు వెనుక తలుపు నుండి బయటికి వచ్చి వెళుతున్నారు. వెళ్లేవాళ్లు మొదట దొడ్డి తలుపు తీసి డ్రమ్ములోకి తొంగి చూస్తున్నారు, ఆ తరువాతే కుండ దగ్గరికి వస్తున్నారు. ఆ పెద్దమ్మ కూడా వచ్చింది. ఒక గ్లాసు గటగటా తాగింది. గ్లాసు బోర్లించబోయి, ఒకసారి దొడ్డి దిక్కు చూసి, "ఇంకొక్కటి పొయ్యి బిడ్డా" అన్నది.